బ్రెడ్ ప్యాకెట్ మీది అంకెల్లో ఏవి వీగన్, ఏవి కావు?

ప్రశ్న: మా అమ్మాయి కొంతకాలంగా వీగన్‌గా ఉంటోంది. పాలు, వెన్న, గుడ్లు, తేనె అన్నీ మానేసింది. పొద్దున్నే హడావిడిలో తనకు సులువుగా ఉంటుందని బ్రెడ్ ప్యాకెట్ తెచ్చిపెడుతున్నాను. ఈ మధ్య నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. 'ఈ' అక్షరంతో మొదలయ్యే అంకెలన్నీ పంది కొవ్వేనని అందులో ఉంది. కంగారుపడి ప్యాకెట్ తిప్పి చూశాను. గోధుమ పిండి, నీళ్లు, పంచదార, ఈస్ట్, వంటనూనె, ఉప్పుతో పాటు ఎమల్సిఫైయర్లు 471, 472ఈ, 481, ప్రిజర్వేటివ్ 282, పిండిని మెరుగుపరిచేవి 300, 920 అని ఉన్నాయి. చివర 'పాల ఆనవాళ్లు ఉండవచ్చు' అని కూడా రాశారు. 481 అసలు పేరులో 'లాక్టిలేట్' అని ఉంటుందట, అంటే పాలేనా? అంకెలేమీ లేని బ్రెడ్ కొంటే ఈ గొడవ తీరిపోతుందా? ఈ సంగతి అమ్మాయికి చెప్పాలో వద్దో కూడా తేలక మీకు రాస్తున్నాను.

సమాధానం: ముందు మీ ప్యాకెట్ సంగతి చెప్పేస్తాను. 282, 300 గురించి ఆలోచించే పని లేదు. 471, 472ఈ, 481 మొక్కల నూనెతోనైనా తయారై ఉండవచ్చు, జంతువుల కొవ్వుతోనైనా తయారై ఉండవచ్చు. ఆ అంకెలు చూసి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇక 920. మీ జాబితాలో నేను నిజంగా అనుమానించేది దాన్నే. అయితే మీకు వచ్చిన సందేశంలో దాని ఊసే ఉండి ఉండదు.

ఆ సందేశం దగ్గరే మొదలుపెడదాం. 'ఈ' అంకె అంటే ఫలానా పదార్థాన్ని ఆహారంలో వాడవచ్చని ఐరోపా సమాఖ్య అనుమతించిందని చెప్పే గుర్తు. అంతర్జాతీయ పద్ధతిలో ఐఎన్‌ఎస్ అని రాసేదీ చాలావరకు ఇదే వరుస. అందుకే కొన్ని ప్యాకెట్ల మీద 'ఈ' లేకుండా ఉత్త అంకె మాత్రమే కనిపిస్తుంది. పసుపు నుంచి తీసే రంగు 100, విటమిన్ సి 300, నిమ్మరసంలో పుల్లదనాన్నిచ్చే సిట్రిక్ ఆమ్లం 330, పండ్ల తొక్కల నుంచి తీసే పెక్టిన్ 440. వీటన్నిటినీ కలిపి పంది కొవ్వు అనేసినవారు జాబితాను ఒక్కసారి కూడా చదివి ఉండరు. చిక్కేమిటంటే, ఆ సందేశం నూటికి నూరు పాళ్లూ అబద్ధం కూడా కాదు. వందలాది అంకెల్లో కొన్నిటి విషయంలో అది నిజమయ్యే వీలుంది. ఆ కొన్నిటిలో మూడు మీ ప్యాకెట్ మీదే ఉన్నాయి.

ఎమల్సిఫైయర్లంటే నూనెనూ నీటినీ కలిపి ఉంచే పదార్థాలు. వాటిలో 471ను మోనో, డైగ్లిజరైడ్లు అంటారు. కొవ్వు అణువులో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ కొవ్వుకు మరికొంత గ్లిజరాల్ చేర్చి బాగా వేడిచేస్తే ఆమ్లాలు చెదిరి పంచుకున్నట్లవుతాయి. ఒకటో రెండో ఆమ్లాలు మాత్రమే ఉన్న కొత్త అణువులు వస్తాయి. వాటి మిశ్రమమే 471. బ్రెడ్‌లో దీని పని మెత్తదనం నిలబెట్టడం. కాల్చి చల్లార్చిన బ్రెడ్‌లో స్టార్చ్ అణువులు మెల్లగా మళ్లీ ఒకదానికొకటి దగ్గరై గట్టిపడతాయి. మర్నాటికి రొట్టె బిరుసెక్కేది అందుకే. 471 ఆ స్టార్చ్ గొలుసు చుట్టల్లోకి దూరి కూర్చుని గట్టిపడటాన్ని వాయిదా వేస్తుంది. ప్యాకెట్ బ్రెడ్ రోజుల తరబడి మెత్తగా ఉండటంలో దీనికి పెద్ద వాటా ఉంది.

మరి మొదట వేడిచేసిన ఆ కొవ్వు ఏది? పామాయిల్ కావచ్చు, సోయా నూనె కావచ్చు, పొద్దుతిరుగుడు నూనె కావచ్చు. గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కూడా కావచ్చు. పామాయిల్ నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానికీ గొడ్డు కొవ్వు నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లానికీ అణువులో ఏ తేడా లేదు. పని ఒకటే, పదార్థం ఒకటే, కనుక అంకె కూడా ఒకటే. అంకె మనిషి పేరు చెబుతుంది గాని పుట్టిన ఊరు చెప్పదు. పామాయిల్ విరివిగా, చవగ్గా దొరుకుతుంది కాబట్టి ఈ రోజుల్లో 471 తయారీకి మొక్కల నూనెలే ఎక్కువగా వాడుతున్నారు. కాని 'ఎక్కువగా' అన్న మాటతో మీ చేతిలోని ప్యాకెట్ సంగతి తేలదు. (పామాయిల్ తోటల కోసం అడవులు కొట్టేస్తున్నారని దాన్నీ వద్దనే వీగన్లు ఉన్నారు. అది వేరే పంచాయితీ, మీ అమ్మాయి ఎత్తితే అప్పుడు చూసుకోవచ్చు.)

471 గురించి తెలిస్తే దాని బంధువుల గురించి వేరే చెప్పక్కర్లేదు. 472ఈ అంటే అదే మోనో, డైగ్లిజరైడ్లకు టార్టారిక్ ఆమ్లాన్ని, ఎసిటిక్ ఆమ్లాన్ని జోడించినది. పిండి ముద్దలోని జిగురు ప్రోటీన్ అయిన గ్లూటెన్‌కు బలాన్నిచ్చి రొట్టె బాగా పొంగేలా చేస్తుంది. టార్టారిక్ ఆమ్లం ద్రాక్షసారా తయారీలో మిగిలిన మడ్డి నుంచి వస్తుంది, దానితో పేచీ లేదు. కొవ్వు భాగం మీద మాత్రం మళ్లీ అదే ప్రశ్న. బ్రెడ్‌లో కనిపించే 470ల్లోని ఎమల్సిఫైయర్లకూ, 481, 482లకూ కలిపి ఒకే ప్రశ్న వేస్తే చాలు: కొవ్వు ఎక్కడిది?

481లో పాలు ఉన్నాయా అన్నారు. లేవు. దాని పూర్తి పేరు సోడియం స్టియరాయిల్ లాక్టిలేట్. లాక్టిక్ ఆమ్లాన్ని 1780లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త పులిసిన పాలలో కనుక్కోవడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. పరిశ్రమలో దాన్ని తయారుచేసేది పాలతో కాదు, మొక్కజొన్న పిండి నుంచో చెరకు, బీట్ చక్కెరల నుంచో వచ్చిన తీపిని బ్యాక్టీరియాతో పులియబెట్టి. లాక్టిక్ ఆమ్లం 270గా విడిగా కనిపించినా ఇదే మాట. లాక్టోజ్ మాత్రం పాల చక్కెరే, అది కనిపిస్తే వీగన్ కాదు. 'లాక్ట్' అన్న అక్షరాలు చూసి అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. 481 విషయంలో అనుమానించవలసింది 'లాక్టిలేట్'ను కాదు, దాని ముందున్న 'స్టియరాయిల్'ను. అది స్టియరిక్ ఆమ్లం, అంటే కొవ్వు నుంచి వచ్చేది. అమెరికా నిబంధనల ప్రకారం బ్రెడ్‌లో దీన్ని 100 పాళ్ల పిండికి 0.5 పాళ్లకు మించి కలపకూడదు. అంటే కిలో పిండికి 5 గ్రాములు.

ఇప్పుడు 920. ఇది ఎల్-సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. పిండి ముద్ద బిగువు చాలావరకు గ్లూటెన్ ప్రోటీన్ల మధ్య ఉండే గంధకపు ముడుల వల్ల వస్తుంది. సిస్టీన్ ఆ ముడులను కొన్నిటిని విప్పుతుంది. ముద్ద త్వరగా మెత్తబడి, యంత్రంలో తెగకుండా, వెనక్కి లాక్కోకుండా సాగుతుంది. కలిపే సమయం తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. కర్మాగారానికి ఇంతకంటే ఏం కావాలి? ఇబ్బంది అంతా అది దొరికే చోటులో ఉంది. వెంట్రుకలు, ఈకలు, గిట్టలు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. కెరటిన్‌లో సిస్టీన్ దండిగా ఉంటుంది. అందుకని బాతు, కోడి ఈకలను, పంది వెంట్రుకలను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించి దీన్ని తీస్తూ వచ్చారు. మనిషి వెంట్రుకలూ ఒకప్పుడు ఈ పనికి వాడారు. సిస్టీన్ తీయడానికి మనిషి వెంట్రుకలను వాడరాదని ఐరోపా సమాఖ్య తన ప్రమాణాల్లో విడిగా రాసుకోవలసి వచ్చిందంటే మిగతాది మీరే ఊహించుకోండి.

బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేసే సిస్టీన్ కూడా ఇప్పుడు బజారులో ఉంది. అది వీగన్లకు అభ్యంతరం లేనిది. రెండూ 920 అంకెతోనే వస్తాయి. తయారీదారు తన సిస్టీన్ పులియబెట్టినదని స్పష్టంగా చెప్పేదాకా నేనైతే దాన్ని వీగన్ కాదనే లెక్కవేస్తాను. 471 విషయంలో అంత గట్టిగా అనను. కారణం మామూలు అంచనాయే. అక్కడ మొక్కల నూనె అయ్యే అవకాశం ఎక్కువ, ఇక్కడ ఈకలే పాత, అలవాటైన దారి. పరిమాణం గురించి అడిగితే, అమెరికా నిబంధన కిలో పిండికి 90 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది. చిటికెడు కూడా కాదు. ఆరోగ్యం దృష్టితో చూసేవారికి అది లెక్కలోకి రాదు. మీ అమ్మాయిది ఆరోగ్యం లెక్క కాకపోతే 90 మిల్లీగ్రాములైనా 90 గ్రాములైనా ప్రశ్న ఒకటే.

మిగిలినవి త్వరగా ముగిస్తాను. 282 కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేసేది, రసాయనికంగా తయారయ్యేది. 300 విటమిన్ సి, గ్లూకోజ్ నుంచి తయారుచేస్తారు. వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం 260, సున్నపురాయి నుంచి వచ్చే కాల్షియం కార్బొనేట్ 170 వేరే ప్యాకెట్ల మీద కనిపిస్తే వాటి కోసమూ ఆగకండి. 322 లెసిథిన్ చాలావరకు సోయా, పొద్దుతిరుగుడులది. గుడ్డు నుంచి తీసేదీ ఉంది గాని గుడ్డు ఎలర్జీ కలిగించే పదార్థం కాబట్టి దాన్ని బయటపెట్టాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది. ఈస్ట్ ప్రాణి కదా అని ఎవరైనా అంటే అది పుట్టగొడుగుల జాతిదని చెప్పండి.

అంకెలు లేని బ్రెడ్ కొంటే తీరిపోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. తీరదు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. అంకెలంటే జనానికి భయం పట్టుకుందని కంపెనీలు కనిపెట్టాయి. అంకెల బదులు వంటింటి మాటల్లా వినిపించేవి వేయడం మొదలుపెట్టాయి. 282కు బదులు వాడే వాటిలో పులియబెట్టిన గోధుమ పిండి ఒకటి. పులియబెట్టిన వే మరొకటి. వే అంటే పాలు విరిచాక మిగిలే తేట. ఫ్యాక్టరీలో తయారైన 282 నిఖార్సయిన వీగన్, దాని స్థానంలో సహజం పేరుతో వచ్చిన ఈ వే పాలపదార్థం! 'ప్రిజర్వేటివ్‌లు లేవు' అని అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉన్న ప్యాకెట్‌నే మీరు ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. 920కు బదులుగా చచ్చిన ఈస్ట్‌ను, 471కు బదులుగా ఎంజైములను వాడేవారూ ఉన్నారు. ఈ మార్పు మాత్రం మీకు కలిసొచ్చేదే. బ్రెడ్ ఎంజైములు చాలావరకు బూజు జాతుల నుంచి, బ్యాక్టీరియా నుంచి వస్తాయి. ఇవి కాల్చేటప్పుడు పనిచేయడం మానేస్తాయి కాబట్టి చాలాచోట్ల జాబితాలో రాయవలసిన పని కూడా లేదు.

నిజానికి బ్రెడ్‌ను వీగన్ కాకుండా చేసేవి ఎక్కువసార్లు అంకెల్లో దాక్కోవు, మామూలు మాటల్లోనే ఉంటాయి. పాల పొడి, వే, కేసిన్ అనే పాల ప్రోటీన్, వెన్న, గుడ్డు, తేనె. బన్నుల నిగనిగ గుడ్డు పూతది కావచ్చు, ముడి గోధుమ బ్రెడ్‌లోని తీపి తేనెది కావచ్చు. జాబితాలో ఉత్తినే 'మార్జరిన్' (వెన్నకు బదులు వాడేది) అని ఉంటే దానిలోపల ఏముందో చూడాలి, కొన్నిటిలో వే ఉంటుంది. విటమిన్లు కలిపామని గొప్పగా చెప్పుకునే బ్రెడ్‌లో డి3 ఉంటే అది సాధారణంగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తయారైనది. నాచు జాతి నుంచి వచ్చే డి3 ఉంది గాని అలాంటిదైతే కంపెనీ ఆ మాట చెప్పుకోకుండా ఉండదు. ఒమేగా-3 కలిపిన బ్రెడ్‌లో చేపనూనె ఉండవచ్చు. శాకాహార గుర్తు చూసి నిశ్చింతగా ఉండకండి, పాలు, తేనె ఉన్నవాటికీ ఆ గుర్తు దొరుకుతుంది. హలాల్ గుర్తు పంది కొవ్వు లేదని చెబుతుంది, గొడ్డు కొవ్వు లేదని చెప్పదు. యూదుల కోషర్ గుర్తు పక్కన 'పారెవ్' అని ఉంటే మాంసం వైపు నుంచి వచ్చిన కొవ్వూ లేదు, పాలూ లేవు. గుడ్డు, చేప మాత్రం ఉండవచ్చు, వాటికి జాబితా చూసుకోవాలి. 471 సంగతి తేల్చుకోవడానికి చాలామందికి తెలియని దగ్గరిదారి ఇది. అన్నిటికంటే సులువు, వీగన్ ధ్రువీకరణ గుర్తున్న ప్యాకెట్ దొరికితే తీసుకోవడమే.

'పాల ఆనవాళ్లు ఉండవచ్చు' అన్న వాక్యం మీ అమ్మాయి కోసం రాసింది కాదు. పాలు పడక ప్రాణం మీదికి వచ్చేవారి కోసం రాసింది. అదే యంత్రం మీద పాల బ్రెడ్ కూడా తయారవుతుందని దాని అర్థం. ఈ బ్రెడ్‌లో పాలు వేశారని కాదు. వీగన్లలో ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదనే నా అభిప్రాయం కూడా.

ఇక అమ్మాయికి చెప్పాలా వద్దా. చెప్పండి. ఇందులో రెండో ఆలోచనే వద్దు. తను ఏం తింటోందో తనకు తెలియకుండా మీరు దాచిపెట్టి, రేపు ఆ సందేశం తన ఫోనుకూ వస్తే 'అమ్మకు ముందే తెలుసు' అన్నది బ్రెడ్ కంటే పెద్ద గొడవ అవుతుంది. పైగా ఎంత దూరం వెళ్లాలన్నది తన నిర్ణయం, మీదీ కాదు, నాదీ కాదు. 1944లో బ్రిటన్‌లో మొదలైన వీగన్ సొసైటీ ఇచ్చుకున్న నిర్వచనంలోనే 'సాధ్యమైనంత వరకు, ఆచరణకు వీలైనంత వరకు' అన్న మాట ఉంది. 471 మూలం తెలియకపోతే ముట్టుకోననేవారు ఉన్నారు. పాలు, గుడ్లు, 920 లేకపోతే చాలనుకుని మిగతా దాని గురించి కంపెనీకి ఉత్తరం రాసి ఊరుకునేవారూ ఉన్నారు. నన్నడిగితే రెండోవారి వైపే మొగ్గుతాను. పశువుల పెంపకాన్ని నడిపించేది మాంసం, పాలు, గుడ్ల గిరాకీయే. ఎమల్సిఫైయర్‌లోకి వెళ్లే కొవ్వు అందులో మిగిలిపోయిన సరుకు. ఇది నా తూకం. తనది వేరుగా ఉంటే తనదే చెల్లుతుంది.

కంపెనీకి రాయడానికి వెనుకాడకండి. ప్యాకెట్ మీద వినియోగదారుల విభాగం చిరునామా ఉంటుంది. 'మీ బ్రెడ్ వీగనా?' అని మాత్రం అడగకండి. 'మా ఉత్పత్తులు నాణ్యమైనవి' అని జవాబు వస్తుంది, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి: 'మీ బ్రెడ్‌లోని 471, 472ఈ, 481లలో ఉన్న కొవ్వు ఆమ్లాలు పూర్తిగా మొక్కల నుంచి వచ్చినవేనా? 920 పులియబెట్టి తయారుచేసినదా, ఈకలు లేదా వెంట్రుకల నుంచి తీసినదా? జాబితాలో రాయని ఎంజైములు, రొట్టె అచ్చులకు పూసే నూనె, పైపూత, వీటిలో జంతువుల నుంచి వచ్చినది ఏదైనా ఉందా?' బ్రెడ్ పూర్తి పేరు, ప్యాకెట్ మీది బ్యాచ్ సంఖ్య కూడా రాయండి. ఒకే కంపెనీ రకరకాల బ్రెడ్‌లను రకరకాల దినుసులతో చేస్తుంది.

'మొక్కల మూలం' అని సూటిగా వస్తే సరే. 'మొక్కలు లేదా జంతువుల మూలం' అని వస్తే, నూనె ధరను బట్టి అటూ ఇటూ మారుతున్నారని అర్థం. దాన్ని వీగన్ కాదనే లెక్కవేయండి. 920 గురించి దాటవేసి మిగతా రెండు ప్రశ్నలకే జవాబిస్తే అది కూడా జవాబే. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే, ఈస్ట్, పిండి, ఉప్పు, నూనెలతో సరిపెట్టిన మరో బ్రెడ్ పక్క అరలోనే ఉండవచ్చు, దాని జాబితా చదవండి. మంచి జవాబే వచ్చినా దాని తేదీ రాసి ఉంచుకుని, ప్యాకెట్ మీద 'కొత్త రుచి' అనో 'మరింత మెత్తగా' అనో కనిపించినప్పుడు మళ్లీ అడగండి. మరింత మెత్తగా చేసిందేమిటో తెలియాలి కదా.